సగం చెవి కుక్క

ఎసెక్స్, ఫిబ్రవరి 1801

లండన్‌లో వెక్కిరింత బొమ్మలు అచ్చువేసి అమ్మే దుకాణం నడిపే అయ్యగారికి,

గోధుమల ధర ఆకాశాన్నంటిన ఈ రెండేళ్లలో బాగుపడ్డ రైతుల్లో నేనొకణ్ణి. మీ దుకాణం కిటికీ దగ్గర జనం ఎగబడి నవ్వుతున్న బొమ్మ మా ఊరికీ చేరింది. అందులో బానపొట్ట రైతు ద్రాక్షసారా తాగుతూ, గేటు దగ్గర రొట్టె అడిగిన ఆడమనిషి మీదికి కుక్కను ఉసిగొల్పుతున్నాడు. పొట్ట గురించి నాకు కోపం లేదు. కానీ ఆ కుక్కకు ఎడమ చెవి సగమే ఉంది. మా కుక్కకూ అంతే.

నేను దాన్ని ఉసిగొల్పిన రోజు గేటు దగ్గరున్న మా పాలేరు ఏమస్ టిప్పల్‌ను నిన్న పెళ్లాంబిడ్డలతో సహా నా గుడిసెలోంచి మంచులోకి వెళ్లగొట్టాను.

"నాకు సున్నా చుట్టడమే రాదయ్యా, బొమ్మేం గీస్తాను?" అని మొత్తుకున్నాడు.

అప్పుడు మా అమ్మాయి వచ్చి నా కాళ్లు పట్టుకుంది. దొరసానిలా పెరగాలని దానికి బొమ్మల మాస్టారిని పెట్టించింది నేనే.

"గీసింది నేను నాన్నా! మేడ మీంచి అంతా చూశాను. వాళ్లనేం చెయ్యకు!"

"నాకు ముందే తెలుసమ్మా," అన్నాను. టిప్పల్‌ను మాత్రం వెనక్కి పిలవలేదు.

నా గుడిసెల్లో ఇంకా పదకొండు కుటుంబాలున్నాయి. మీ కిటికీలో ఇలాంటి బొమ్మ మళ్లీ కనబడితే ఒక గుడిసె ఖాళీ అవుతుంది. ఈ మాట మీ చిత్రకారుడికి మీరు చెప్పనక్కర్లేదు. నేను చెబుతుంటే ఉత్తరం రాస్తున్నది మా అమ్మాయే. అక్కడక్కడా సిరా చెదిరింది, మన్నించండి. చేతిరాత మీరు గుర్తుపట్టే ఉంటారు.