బొంత చాటున తీసిన కొలత

సౌభాగ్యవతి అయిన నా ఇల్లాలికి,

నీ దర్జీ మొగుడు ఆశీర్వదించి రాసుకునేది. ఇక్కడ అందరం బాగున్నాం. అందరం అంటే ఎవరెవరని నవ్వకు. నేను, కుట్టుమిషను, నువ్వు వదిలి వెళ్లిన గులాబీ కుండీ. ముగ్గురిలో గులాబీకే కాస్త నలతగా ఉంది. ఆకుల మీద నల్లటి నుసి పడుతోంది, రోజూ తడిగుడ్డతో తుడుస్తున్నాను. అక్కడ నువ్వూ, మరదలూ, తోడల్లుడూ క్షేమమని నీ ఉత్తరంలో చదివి సంతోషించాను. ఇప్పుడు ఏడు గంటలు నిద్రపడుతోందని రాశావే, ఆ ముక్క నాలుగుసార్లు చదువుకున్నాను. ఇక్కడున్నన్నాళ్లూ రెండు గంటలు కూడా కన్నుమూసి ఎరగవు.

ఫోన్ చెయ్యొచ్చు కదా, ఈ కాలంలో ఉత్తరాలేమిటని మరదలు ఎగతాళి చేసిందన్నావు. ఒక్కరోజు ఇక్కడికొచ్చి మాట్లాడి చూడమను. కొత్త రన్‌వే వచ్చినప్పటి నుంచి పొద్దు వాలితే చాలు, మూడు నిమిషాలకొక విమానం మన డాబా మీదుగానే దిగుతోంది. ఆఖరిసారి ఫోన్‌లో మాట్లాడుకున్నప్పుడు పావుగంటలో మనం అనుకున్నది "ఆఁ? ఏమన్నావ్?" తప్ప ఇంకేమన్నా ఉందా? కాగితం మీదైతే చెప్పింది చెప్పినట్టు నీ దగ్గరికొస్తుంది.

నీ ప్రశ్నలకి జవాబులు. భోజనం వేళకే తింటున్నాను. ఉప్పు మాత్రం ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ. మిషనుకి నూనె వేస్తున్నాను. తెల్లబట్ట కత్తిరించి బల్ల మీద వదిలేస్తే తెల్లారేసరికి బూడిదరంగుకి తిరుగుతోందని కిటికీలు తియ్యడమే మానేశాను. పక్కింటి టీచరమ్మ ట్యూషన్లు మానలేదు. విమానం వచ్చినప్పుడల్లా ఒక వేలు పైకెత్తుతుంది, పిల్లలు నోళ్లు మూసుకుంటారు. అది వెళ్లాక ఆగిన మాట దగ్గర్నుంచి మళ్లీ అందుకుంటారు. ఎదురింటి రొట్టెలాయన మనవరాలు బంగారుబొమ్మలా ఉంది కానీ, నిద్రలో ఉలిక్కిపడి లేచి గుక్కపట్టి ఏడుస్తోంది. ఆ పిల్లని ఎత్తుకుని ఆయన ఇంట్లో గది మార్చి గది తిరుగుతుంటాడు. మన వరసలో ఇంకో రెండిళ్లకి తాళాలు పడ్డాయి.

ఇక నువ్వు చివర్లో అడిగిన ప్రశ్న. కిటికీల సంగతి ఏమైంది, నేనెప్పుడు రావచ్చు అని. దీనికి జవాబు రాయలేకే ఉత్తరం పదిరోజులు ఆలస్యమైంది.

మన వీధిలో మోత హద్దులోనే ఉందని విమానాశ్రయం వాళ్లు తేల్చేశారనీ, చప్పుడు చొరబడని రెండద్దాల కిటికీలు మనకి వెయ్యబోమన్నారనీ, అంతా దొంగలెక్కలనీ కిందటి ఉత్తరంలో రాశాను. వెయ్యబోమన్న మాట నిజం. దొంగలెక్కలన్నదీ నిజమే. ఆ దొంగ మాత్రం వాళ్లలో లేడు.

నువ్వు వెళ్లిన రెండో నెలలో కొలతల అమ్మాయి వచ్చింది. చదువుకి ఇంజనీరే, కానీ వీధిలో అందరం అలాగే అంటాం. మన డాబా అన్నిటికంటే ఎత్తుగా ఉందని, మోత కొలిచే పెట్టెని దాని మీద స్టాండుకి పెట్టింది. చెప్పుల పెట్టెంత ఉంటుంది. చప్పుడైతే దాని ముందు చిన్న పచ్చదీపం మినుకుమంటుంది. వారం రోజులు కదపొద్దనీ, వానకి తడిసినా ఏం కాదనీ మరీ మరీ చెప్పి వెళ్లింది. ఆ సాయంత్రమే వాన పట్టుకుంది. ఏం కాదన్నా నాకు మనసొప్పలేదు. ఖరీదైన వస్తువు, నన్ను నమ్మి పెట్టారు. లోపలికి తెచ్చి, మిషనున్న కొట్టుగదిలో నీ ముక్కాలిపీట మీద పెట్టాను. నీ నిద్ర కోసం కిటికీలకి నేను కుట్టి వేలాడదీసిన బొంతలు ఆ గదిలో ఇంకా అలాగే ఉన్నాయి.

తర్వాత పనిలో కూచున్నాను. ఎవరో ఇచ్చిన పాత పంట్లాం మీద టేపు పెట్టి, అలవాటుకొద్దీ "నడుము ముప్పై నాలుగు" అని పైకి అన్నాను. ఇన్నేళ్లూ నేను చెప్పడం, నువ్వు ఆ పీట మీద కూచుని పుస్తకంలో రాయడమే కదా. నువ్వు లేవని గుర్తొచ్చి నోరు మూసుకోబోతున్నాను, పచ్చదీపం మినుకుమంది. "పొడవు నలభై" అన్నాను. మళ్లీ మినుకుమంది.

రెండు నెలల్లో ఈ ఇంట్లో నా మాటకి ఏదైనా ఊఁకొట్టడం అదే మొదటిసారి.

మర్నాడు పొద్దున్నే పైన పెట్టేశాను. సాయంత్రం వాన లేదు. అయినా వెళ్లి తెచ్చుకున్నాను. ఏడు సాయంత్రాలూ అంతే. పగలు డాబా మీద, పొద్దు వాలితే నీ పీట మీద. అసలు మోత మొదలయ్యేదే పొద్దు వాలాక. దానికి కొలతలు చెప్పాను, వీధి కబుర్లు చెప్పాను, నీ మీద నాలుగు చాడీలు కూడా చెప్పాను. ఎనిమిదో రోజు ఆ అమ్మాయి వచ్చేసరికి ఏమీ ఎరగనట్టు పైన ఉంచాను. లెక్క ఏమవుతుందో ఆలోచించలేదని రాద్దామనుకున్నాను. అదీ అబద్ధమే. మూడోరోజు ఆ ఆలోచన వచ్చింది, తోసేశాను. చలికోటుతో వచ్చినవాణ్ణి, ముందు అది విప్పవయ్యా, దాని మీద కొలత తీస్తే బట్ట పాడవుతుందని కసిరేవాణ్ణి నేను. అలాంటివాణ్ణి వీధి మొత్తానికి బొంత మీద కొలత తీయించాను.

ఫలితం వచ్చిన రోజు టీచరమ్మ ఇంట్లో అందరం కూచున్నాం. ఆ కొలతల పిల్ల ముడుపు తిన్నదని తలా ఒక మాట అన్నారు. నేను తేలు కుట్టిన దొంగలా మూల కూచున్నాను. పోనీ నన్నెవరైనా అనుమానించారా అంటే అదీ లేదు. రొట్టెలాయన వచ్చి నా భుజం మీద చెయ్యేశాడు.

"అందరికంటే నష్టపోయింది నువ్వేనయ్యా. కిటికీలు వస్తే మీ ఆవిడ తిరిగొచ్చేది."

ఆ మాటకి చచ్చినంత పనైంది. ఇంటికొచ్చి ఏడ్చాను. రాయడానికి సిగ్గుగానే ఉంది, కానీ నీ దగ్గరేమిటి.

నాలుగు రోజులాగి ఆ అమ్మాయి ఆఫీసుకి వెళ్లి అంతా చెప్పాను. ఎందుకు లోపలికి తెచ్చారని అడిగింది. వానని చెప్పొచ్చు, నోటిదాకా వచ్చింది కూడా. "మా ఆవిడ ఊళ్లో లేదమ్మా" అన్నాను. ఒక తెల్లకాగితం నా ముందుకి జరిపింది. మీరు రాసిస్తే మళ్లీ కొలుస్తాం, పెట్టె మీ పక్కింటి డాబా మీద పెడతాం అంది. అయితే పెట్టెని కదిపిన ఇంటికి ఈ విడత కిటికీలు రావు, ఇంకో విడత వచ్చే ఏడాది, అదీ ఖాయం కాదు, ఆలోచించుకోండి అని ముందే చెప్పింది.

నిన్ను అడక్కుండా సంతకం పెట్టేశాను. నీ రాకని నేనే వెనక్కి నెట్టాను. దాచిందొక తప్పు, నీకు చెప్పకుండా చేసిందింకో తప్పు. తిట్టాలనుంటే ఉత్తరం నిండా తిట్టు, విమానాలు అడ్డం రావు.

వీధిలోనూ నేనే చెప్పుకున్నాను. రొట్టెలాయన ఎదురుపడితే తల తిప్పుకుంటున్నాడు. టీచరమ్మకి ఇంకా ఏదో చెప్పబోతే వేలు పైకెత్తింది. అప్పుడు ఆకాశంలో విమానం లేదు. నోరు మూసుకుని ఇంటికొచ్చాను.

కాబట్టి నువ్వు ఇప్పుడే రావద్దు. ఇది చదివి పెట్టె సర్దుకుంటావని తెలుసు, నీ మొండితనం నాకు కొత్తా? వద్దు. నువ్వు లేకపోతే ఇల్లు ఇల్లులా లేదు, అది ఒప్పుకుంటాను. కానీ ఆ ఏడు గంటల నిద్ర నాకోసం పాడుచేసుకోకు.

పెట్టె ఇప్పుడు టీచరమ్మ డాబా మీద ఉంది. సాయంత్రం మన డాబా ఎక్కితే పచ్చదీపం కనిపిస్తుంది. నిన్న పెద్ద వాన పడింది. అది తడుస్తుంటే చూస్తూ నేనూ తడిశాను. దగ్గొస్తే అది కూడా లెక్కలో పడకూడదని, నీ కొంగు లేదు కదా, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

మర్చిపోయాను. చలికోటు భుజాల దగ్గర వదులైంది, మరదలి చేత కొలతలు తీయించి పంపనా అని అడిగావు. పంపొద్దు. నువ్వొచ్చేదాకా లోపల ఇంకో చొక్కా తొడుక్కో. పుస్తకంలో నీ పేజీ ఖాళీగా ఉంచాను. నువ్వొచ్చిన రోజు టేపు నేను పట్టుకుంటాను, అంకె నేను చెబుతాను, నువ్వే రాసుకుందువుగాని.

ఇట్లు,
నీ ఆయన