నొప్పి పోయాక వేసుకున్న మాత్రలు

జూన్ 3
జ్ఞానదంతం పీకించుకున్నాను. ముప్పై ఒక్కేళ్లకి వచ్చిన జ్ఞానం, అదీ నిలవలేదు.

డెంటిస్టు దగ్గర నింపిన ఫారంలో ఒక ప్రశ్న: చిన్నప్పుడు మత్తు పదార్థాలేమైనా వాడారా అని. ‘లేదు’ అని రాశాను. పదమూడేళ్ల నుంచి పద్దెనిమిది దాకా రోజూ గంజాయి తాగాను. మానేసి పదమూడేళ్లయింది. ఎవరి కాళ్లూ పట్టుకోకుండా నేనే మానేశాను. ఇంకా ఎన్నాళ్లు ప్రతివాళ్లకీ చెప్పుకోవాలి?

నొప్పికి గట్టి మాత్రలు ఇచ్చారు. రోజుకి రెండు, ఐదు రోజులు.

జూన్ 4, ఉదయం
అబ్బ! ఇంత హాయి ఒకటుందని ఎవరూ చెప్పలేదే.

జూన్ 6
అక్క ఫోన్ చేసింది. ఫారం సంగతి నోరు జారాను. ఇక చూడాలి! అది డయాలసిస్ సెంటర్లో పనిచేస్తుంది, అన్నింటికీ దాని దగ్గర ఒక రీసెర్చ్ ఉంటుంది. ఆ వయసులో మెదడు ఇంకా తయారవుతూ ఉంటుందట. హాయి అంటే ఏమిటో నేర్చుకునే భాగానికి అప్పుడే గంజాయి అలవాటైతే, పెద్దయ్యాక ఇలాంటి మాత్రలు తేలిగ్గా పట్టుకుంటాయట. అందరికీ కాదట, రిస్క్ మాత్రం ఎక్కువట. ఎలుకల మీద చూశారట.

నేను ఎలుకనా? ఫోన్ పెట్టేశాను.

నాకు మొదటి దమ్ము ఇచ్చిందెవరో మహాతల్లి మర్చిపోయినట్టుంది. అప్పుడు దానికి ఇరవై. రెండుసార్లు తాగి, నాకేం ఎక్కట్లేదని పొట్లం పడేసింది. నేను ఏరుకున్నాను.

జూన్ 8
నొప్పి లేదు. ఆఖరి మాత్ర వేసుకున్నాను.

జూన్ 9
డెంటిస్టు ముందు చెంప పట్టుకుని మూలిగాను. ఇంకో పది రాసిచ్చింది. దారిలో కాస్త సిగ్గేసింది. కాస్తే.

జూన్ 12
గాజు కోసేవాళ్లకి మొదటి రోజే నేర్పేది ఒకటుంది: గీత ఒక్కసారే గియ్యాలి. కట్టర్ నడుస్తుంటే సన్నగా చీరుతున్న చప్పుడు రావాలి. వస్తే విరవాలి, రాకపోతే పలక పక్కన పెట్టాలి. గీత మీద మళ్లీ గీస్తే గాజు దాని ఇష్టమొచ్చినట్టు పగులుతుంది. పదకొండేళ్లుగా నా చేతికి వచ్చిన పని ఇది.

ఇవాళ చప్పుడు విన్నానో లేదో గుర్తులేదు. మాత్ర టైము దాటిపోయింది, ధ్యాసంతా మాత్రలున్న బ్యాగు మీదే. గీత మీద గీత గీశాను. పలక అడ్డంగా పగిలి, అవతల పట్టుకున్న మేస్త్రి ముంజేతిని కోసుకుంటూ పోయింది. మూడు కుట్లు పడ్డాయి. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. ఒంట్లో బాగోలేదా అని మాత్రం అడిగారు. పన్ను నొప్పి అన్నాను.

ఆయన్ని ఆటో ఎక్కించి నేను చేసిన మొదటి పని, బాత్‌రూంలోకి వెళ్లి మాత్ర మింగడం. నేల మీద రక్తం అలాగే ఉంది.

జూన్ 13, ఉదయం ఆరు
ఎలుకే నయం. దానికి ఇంకొకరు పెడతారు. నేను నటించి మరీ తెచ్చుకున్నాను. ఛీ!

జూన్ 13, సాయంత్రం
డెంటిస్టుకి చెప్పేశాను. నొప్పి లేదు, మొన్న కూడా లేదు, ఫారంలో రాసింది అబద్ధం. క్లాసు పీకుతుందనుకుని పోట్లాటకి సిద్ధపడే వెళ్లాను. పీకలేదు. ముందే తెలిసుంటే వేరే మాత్ర ఇచ్చేదట. ఇది నా తలరాత కాదట, కానీ మొండితనం ఒక్కటే సరిపోదట, వారానికోసారి కౌన్సెలర్ దగ్గరికి వెళ్లమంది. మిగిలిన రెండు మాత్రలూ ఆవిడ టేబుల్ మీద పెట్టాను. చెయ్యి వెనక్కి తీసుకోవడానికి చాలాసేపు పట్టింది.

అక్క వచ్చింది. తప్పంతా తనదేనని ఒకటే ఏడుపు. ఒళ్లు మండింది. ఇచ్చింది తనే, కాదనను. తాగింది నేను, మానింది నేను, ఇప్పుడు మానబోయేదీ నేనే అన్నాను. కావాలంటే వారం రోజులు నా సోఫా మీద పడుకోమన్నాను. రీసెర్చ్ ఎత్తితే బయటికి గెంటుతానన్నాను.

జూన్ 16
మేస్త్రికి నిజం చెప్పాను. కోత బల్ల నుంచి తీసి నెల రోజులు ప్యాకింగులో పెట్టారు. ఎదురు చెప్పబోయాను. ఆయన చేతి కట్టు కనిపించింది. వెళ్లి అట్టపెట్టెలు మడిచాను.

జూన్ 19
ఏదీ బాగోలేదు. స్నానం బాగోలేదు, పాటలు బాగోలేవు, అక్క జోకులు అసలే బాగోలేవు. కాఫీ గడ్డి నీళ్లలా ఉంది.

బాగోకపోతే పోనీ. మొత్తం తాగేసి, ఇంకో కప్పు పొయ్యమన్నాను.