తాత చూపించుకున్న చోటు

చెల్లెమ్మకు, నేను కులాసా. దగ్గు తగ్గింది, కంగారుపడకు.

మనం పుట్టకముందే పోయిన తాత సమాధి దొరికింది. నెలాఖరులోగా వారసులు రాకపోతే పాత సమాధులు చదును చేస్తారట. అందుకని మూడు రోజులు శ్మశానం ఆఫీసులో రిజిస్టర్లు తిరగేశాను. వాటిలో పేర్లన్నీ సమాధుల వరసల ప్రకారం ఉంటాయి. పైగా అక్కడి గుమాస్తాకు నాకంటే కబుర్లెక్కువ, సగం ఆలస్యం అందువల్లే. మనవాళ్ళ వరసంతా చూసినా తాత లేడు.

చివరికి గుమాస్తా, "పెద్దాయనా, మీ తాతకు పడనివాళ్ళెవరైనా ఉన్నారా?" అన్నాడు.

"సొంత తమ్ముడే. గోడ తగాదా. చచ్చేదాకా మాటల్లేవు."

"అయితే ఆయన వరస తియ్యండి. ఇలాంటివి చాలా చూశాను."

చివరి వరసలో చిన్నతాత పక్కనే ఉన్నాడు తాత. 'చోటు చూపినవారు' అన్న గడిలో 'తానే' అని ఉంది. చోటు చూపిన తేదీ చూస్తే, చిన్నతాతను పూడ్చిన రోజే. ఆ తర్వాత తాత తొమ్మిదేళ్ళు బతికాడు, ఇంట్లో ఎవరికీ చెప్పినట్టు లేడు.

వారసులమని రుజువు కావాలట, తాత సంతకమున్న ఇంటి కాగితమేదైనా పంపు. మోకాలికి నూనె రాస్తున్నావా, సీసాను చూస్తూ కూర్చుంటున్నావా?

సమాధిని చదును చెయ్యొద్దనే దరఖాస్తు మీద మనవళ్ళిద్దరూ ఇక్కడికొచ్చి సంతకం చెయ్యాలట. మన తమ్ముడికీ నాకూ ఆరేళ్ళుగా మాటల్లేవని గుమాస్తాకు చెప్పలేదు. వాణ్ణి నేనే రమ్మన్నానని చెప్పు. పోస్టుకార్డు కదా, దారిలో అందరూ చదివే ఉంటారు, వాడికీ ఇవ్వు.

పిల్లలకు నా దీవెనలు, వాడికీను.

అన్నయ్య