జుట్టు లేని ఫొటో

బ్యోబ్లింగెన్, జర్మనీ,
ఆదివారం

అత్తమ్మకు,

ఈశ్వర్ నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేను, పాప ఈషా బాగున్నాం. అక్కడ మీరు, మామయ్య కూడా ఇలాగే ఉన్నారనుకుంటాను. ఇంతకు మించి బాగుండడం మనకిప్పుడు కుదరదు.

మీ అబ్బాయి సృజన్ సెలవులయ్యాక అక్కడి నుంచి వచ్చాడు. డెగ్గెన్‌డార్ఫ్‌లో కాలేజీకి వెళ్లే ముందు మా దగ్గర దిగి, మీ ఉత్తరం, మీరు కట్టించిన భాను ఫొటో ఇచ్చాడు. అద్దం పగలకుండా దుప్పట్ల మధ్య పెట్టి తెచ్చాడు. నా వీసా, అదే బ్లూ కార్డు పనికి ఆఫీసులో టెర్మిన్ దొరికింది, ఫలానా రోజు రమ్మన్నారు. అది కాగానే భాను సంవత్సరీకానికి టికెట్లు తీయాలి. ఈషా తింటోందా అని అడిగారు. కిటాలో, అదే చిన్నపిల్లల బడిలో తింటుంది, ఇంట్లోనే పేచీ.

వీడియో కాల్‌లో భాను వెనక గోడ మీది బొమ్మలో కనిపించిన గుండు ఆమె ఎవరని కూడా అడిగారు. పేరు డెలా మార్విక్. అమెరికా సినిమా నటి. చిన్న వయసులోనే పెద్ద పేరొచ్చింది. ఎత్తుపళ్లు సరిచేయించుకోమంటే వినలేదు. ప్రేయసి వేషాలు విసుగెత్తి, ఉన్నట్టుండి సినిమాలు మానేసి గుర్రాలు పెంచుకుంది. నడివయసులో తిరిగొచ్చి, మేకప్ లేకుండా ఖైదీగా, తాగుబోతుగా, పిల్లల్ని వదిలేసిన తల్లిగా వేసింది. క్యాన్సర్ వచ్చాక కంపెనీవాళ్లు విగ్గులు పంపితే తిప్పి పంపింది. బోడి తలతోనే చివరి సినిమా చేసి పోయింది. కీమో ఎక్కుతుంటే భాను అవన్నీ చూసేది. "చూడు ఈశ్వర్, ఈమె ఎవ్వరికీ సంజాయిషీ ఇయ్యలే" అనేది.

"ఆ సినిమాలే నా బిడ్డను మొండిదాన్ని చేసినయ్" అని రాశారు. అందుకే ఈ మాట చెప్పక తప్పడం లేదు. ఫోన్‌లో నోరు రాదు.

భానుకు కీమో నడుస్తున్న ఆ చలికాలం మీరు కాల్‌లో గోడ మీది బొమ్మ చూసి, "ఆ బోడిగుండు దాన్ని తీసెయ్ బిడ్డా, ఇంట్ల అరిష్టం" అన్నారు. అప్పుడు భాను తల మీద ఉన్ని టోపీ ఉంది. చలికనుకున్నారు. దాని కింద ఒక్క వెంట్రుక లేదు. మరుసటి వారమే విగ్గు కొనుక్కుంది. మీరు చూసి, "మందులకు గూడ ఊడలే! ఎంత ఒత్తుగున్నదో, నా దిష్టే తగులుతదేమో" అని మురిసిపోయారు. కాల్ అయ్యాక భాను దాన్ని తీసి కుర్చీకి తగిలించింది. "మా అమ్మకు బిడ్డ కంటె జడ ముద్దు" అని నవ్వింది. తర్వాత ప్రతి కాల్‌కూ పెట్టుకుంది, ఆసుపత్రి మంచం మీద కూడా. కంపెనీని కాదన్న మనిషిని అంతగా మెచ్చుకున్నది, మిమ్మల్ని కాదనలేకపోయింది.

మీరు పంపిన ఫొటోలో స్టూడియో అతను జడ వేశాడు, మల్లెపూలు పెట్టాడు, బుగ్గలు నింపాడు. "అమ్మ మనసు కోసం పెట్టు బావా, ఏం పోతది?" అన్నాడు సృజన్. పెట్టాను. ఈషా చాలాసేపు చూసింది. "ఇది అమ్మ కాదు" అంది జర్మన్‌లో. వాళ్లమ్మ వెనక ఉందేమోనని ఫ్రేము తిప్పి చూసింది.

దించేశాను. దీనితో వేరే ఫొటో పంపుతున్నాను. భాను తనే ఎంచుకున్నది. సంవత్సరీకం నాడు పీట మీద ఇదే ఉండాలి. చుట్టాల ముందు పెట్టలేమనుకుంటే ముందే చెప్పండి. మేం రాము, ఇక్కడే చేసుకుంటాం.

జవాబు రాసే ముందు ఒకసారి తలుపేసుకుని చూడండి. ఆ తల నేను చూశాను, ఈషా చూసింది, నర్సులు చూశారు. మీరొక్కరే చూడలేదు.

ఇట్లు,
మీ అల్లుడు
ఈశ్వర్