జతలో ఒకటి

జహీరాబాద్

చిరంజీవి రోజాకు నీ తల్లి దీవించి రాస్తున్నది. ఇక్కడ నేను, మీ నాయిన వేళకు లేస్తున్నాం, తింటున్నాం. పుణెలో నువ్వూ వేళకు తింటున్నావనుకుంటాను. నాయిన మోకాలి నొప్పి అడిగావు, తగ్గింది. అల్లం తవ్వకానికి చేనుకు పోయారు.

అన్న సగంలో వదిలిన కంప్యూటర్ తీసుకుపోయి నువ్వు పూర్తి చేస్తానంటే నాకు ధైర్యం వచ్చింది. పెట్టెలో రెండు ప్రాసెసర్లు ఉండాలి, ఒకటే ఉంది, రెండోది అన్న దోస్తు చందర్ తీశాడని రాశావు. ఫోన్ చేసి దొంగ అన్నావట కూడా. ఇప్పుడు రాసే మాట ఫోన్‌లో చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఆ సామాను ఎంచడానికి అన్నకు, చందర్‌కు నెల పట్టింది. ఒక బోర్డు తెప్పించి, రెండు ప్రాసెసర్లూ దానిలో కుదరవని వాపసు పంపారు. పక్కన అల్లం ఏరుతూ నేను ఊరుకోక, "ఒక్క పెట్టెకు రెండెందుకురా, ఒకటి వాపస్ ఇయ్యి" అన్నాను.

"ఒక్క ఎద్దుతోని నాగలి కడ్తవా అమ్మా? రెండూ ఒక్క తీరే ఉండాలె. బోర్డు గూడ వాటికి తగ్గదే కావాలె" అన్నాడు మీ అన్న.

"నాకు దున్నుడు నేర్పుతున్నడు సూడు" అంటే చందర్ నవ్వాడు.

మీ అన్న పవన్ పోయిన రోజు మన లింగాయతుల పద్ధతిలో వాడిని వాకిట్లో కూర్చోబెట్టి ఎడమచేతిలో లింగం పెట్టారు. కుడిచెయ్యి ఖాళీగా ఉంది. అది ఎన్నడూ ఖాళీగా ఉన్న చెయ్యి కాదు. రెండున్నాయి కదా, ఒకటి వాడికి, ఒకటి మనకు అనుకున్నాను. అగ్గిపెట్టంత ఆ ప్రాసెసర్ బిళ్లను అరచేతిలో పెట్టి వేళ్లు మూశాను. అట్లనే వాడితోపాటు మట్టిలోకి పోయింది. ఎద్దుల మాట అప్పుడు గుర్తుకు రాలేదు. వాడు అంత ఏరి తెచ్చుకున్న జతను నేనే విడదీశాను.

ఒరగకుండా వాడి భుజం పట్టుకున్నది చందరే. నేను పెట్టింది చూశాడు. తల దించుకున్నాడు.

నువ్వు తిట్టిన మర్నాడు చందర్ దుకాణానికి పోయి, "ఎందుకు చెప్పలేదు బిడ్డా" అని అడిగాను.

"నీ పేరు నేనెట్ల చెప్త పెద్దమ్మా. రోజాకు ఎవరి మీదనో ఒకరి మీద కోపం ఉండాలె గద" అన్నాడు.

అది విని కూడా పది రోజులు ఊరుకున్నాను తల్లీ. నువ్వు నన్ను ఏమంటావోనని భయపడ్డాను.

బోర్డు మీద మొదటి గూట్లో ఒక్కటి పెట్టినా నడుస్తుందట, బలం సగమేనట. సరిగ్గా అదే తీరుది ఇంకొకటి దొరుకుతుందేమోనని చందర్ అప్పటి నుంచీ వెతుకుతున్నాడు. అది దొరికేదాకా పని ఆపకు. ఈ ఉత్తరం చదవగానే అతనికి ఫోన్ చెయ్యి. తీసింది మా అమ్మ అని నాకు తెలిసిందని చెప్పు.

ఇట్లు,
మీ ఇద్దరి అమ్మ
సంగమ్మ