పూర్తిగా తాగుతాడండి

జూన్ 9, సోమవారం
మళ్ళీ వచ్చింది. ఇడ్లీ తింటూ తింటూ నాని కళ్ళు తేలేశాడు. కుడిచెయ్యి కొట్టుకుంది. ఒకటిన్నర నిమిషం — ఫోన్లో చూసి రాసుకున్నాను. ఈ నెలలో మూడోసారి. రెండేళ్ళ మూడు నెలల పిల్లాడు. అయ్యాక నా వేలు పట్టుకుని నిద్రపోయాడు.

ఈయన పామాయిల్ తోటలో గెలల కోత వదిలేసి వచ్చారు. ఇక చాలు, ఆర్నెల్లుగా అదే సిరప్పు, పెద్ద డాక్టరు గారికి వయసైపోయింది, రాజమండ్రిలో ఫిట్స్ చూసే పిల్లల డాక్టరుకి చూపిద్దాం అన్నారు. తలూపాను. తలూపడం నాకు బాగా వచ్చు.

జూన్ 10
పాత ఫైలు కోసం పెద్ద డాక్టరు గారి క్లినిక్‌కి వెళ్ళాను. చిన్నప్పుడు మా ఆయన జ్వరాలన్నీ ఆ కుర్చీలోనే తగ్గాయి. వేరే డాక్టరు దగ్గరికి వెళ్తున్నామని ఎలా చెప్పాలా అని దారంతా ఆలోచించుకున్నాను. ఆయనే తేలిక చేసేశారు. ఇంకొకరికి చూపించడం మంచిదేనమ్మా, నేనే పంపుదామనుకుంటున్నాను అని ఉత్తరం కూడా రాసిచ్చారు. లేస్తుంటే మళ్ళీ అదే ప్రశ్న —
"మందు పూర్తిగా లోపలికి వెళ్తోందా అమ్మా?"
"పూర్తిగా తాగుతాడండి."
సిగ్గు లేదు నాకు.

జూన్ 11
ఇక్కడైనా రాయాలి.

సిరంజితో నోట్లో వేస్తే నాని ఉమ్మేసేవాడు. ఏడ్చి ఏడ్చి ఊపిరి బిగబట్టేవాడు. అత్తయ్యగారు చూడలేక పెరట్లోకి వెళ్ళిపోయేవారు. అందుకని ఫిబ్రవరి నుంచి పాలల్లో కలిపేస్తున్నాను. గ్లాసులో సగం తాగి తల తిప్పేస్తాడు. మిగిలింది నేను తాగేస్తాను. పిల్లాడి ఎంగిలి పారబొయ్యడమేంటి... మా అమ్మా అంతే, నేనూ అంతే. చెయ్యి దానంతట అదే వెళ్ళిపోతుంది. అందులో మందుందని తెలుసు. మళ్ళీ పోస్తే ఎక్కువైపోతుందేమోనని భయం. ఎవర్నీ అడగలేదు. పాలల్లో కలపొద్దని మొదటిరోజే చెప్పాను కదమ్మా అంటారు పెద్ద డాక్టరు గారు, అందుకని.

జూన్ 14, శనివారం
రాజమండ్రి. తలకి వైర్లు అంటించి ఇ.ఇ.జి. తీశారు. నాని జుట్టంతా జిగురు. డాక్టరమ్మ చిన్నావిడే, నిదానం మనిషి. మందు ఎలా ఇస్తున్నారని అడిగారు. నేను నోరు తెరిచేలోపే ఈయన అందుకున్నారు — "మా ఆవిడ టైము తప్పదండి. ఆ విషయంలో వంక పెట్టక్కర్లేదు." ఎంత గర్వంగా అన్నారో. ఆ మాట తర్వాత నిజం చెప్పడానికి నోరు రాలేదు. పూర్తిగా తాగుతాడండి అన్నాను. ఈ వారంలో రెండోసారి.

పూర్తి మోతాదు వెళ్తున్నా ఫిట్స్ ఆగడం లేదు కాబట్టి రెండో మందు చేర్చారు.

జూన్ 15
ఈరోజు నుంచి సిరంజే. రెండు మందులూ. నానిని తువ్వాల్లో చుట్టి, ఒళ్ళో పడుకోబెట్టుకుని, బుగ్గ పక్కనుంచి మెల్లగా... ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. ఒక్క చుక్క బయటికి పోలేదు. అంత కష్టమేం కాదు. అదే తట్టుకోలేకపోతున్నాను.

జూన్ 30
పదిహేను రోజులు. ఒక్కటీ రాలేదు.

జులై 4
ఎప్పుడూ మగతే. నడిస్తే గోడ పట్టుకుంటున్నాడు. "అమ్మమ్మ" అనేవాడు, ఇప్పుడు మా అమ్మ ఫోన్లో ఎంత పిలిచినా పలకడం లేదు. మొదటి మందు ఒక్కటే సరిగ్గా వేసుంటే సరిపోయేదేమో. ఈ రెండోది నా అబద్ధానికి వేస్తున్న మందు, తాగుతున్నది వాడు. ఆపేద్దామా అని మనసు లాగుతోంది. వద్దు. నా సొంత తెలివి ఇంతవరకూ చేసింది చాలు.

జులై 8
ఈయన ఊరంతా చెప్తున్నారు — డాక్టరమ్మ హస్తవాసి గొప్పదని, పెద్దాయన హస్తవాసి పోయిందని. పక్కింటి సుజాత ఇవాళ పిల్ల జ్వరానికి ఆయన క్లినిక్ దాటుకుని వేరేచోటికి వెళ్ళింది. మీవాడికే తగ్గించలేకపోయారు కదా వదినా, అంది. వంటింట్లో పనున్నట్టు లోపలికి వచ్చేశాను. ఆయన ఏం తప్పు చేశారు? నన్ను నమ్మారు, అంతే.

జులై 12, శనివారం
రాజమండ్రి. డాక్టరమ్మ గదిలోంచి ఈయన్ని జిరాక్సుకి పంపాను. చెప్పేశాను. పాలు, సగం గ్లాసు, అన్నీ. ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండేది. చాలామంది అమ్మలు ఇలాగే చేస్తారు, చెప్పేవాళ్ళే తక్కువ అన్నారు. రెండో మందు వారం వారం కొంచెం తగ్గించి చూద్దాం, మీవారికి కూడా చెప్పండి, మధ్యలో ఫిట్స్ వస్తే ఇద్దరూ ఒక మాట మీద ఉండాలి అన్నారు. చెప్తానండి అన్నాను.

బస్సులో ఈయన అడిగారు, ఎందుకు తగ్గిస్తున్నారంట? బాగా పనిచేసిందట, అందుకని — అన్నాను. కొవ్వూరు బ్రిడ్జి దాటుతుంటే నాని గోదారి వైపు చెయ్యి ఊపాడు.

జులై 19
మగత తగ్గింది. కోడిపెట్ట వెంట పరిగెత్తాడు. పడ్డాడు, లేచాడు.
ఈయనకి ఇంకా చెప్పలేదు.

జులై 23, బుధవారం
సాయంత్రం నిద్రలో నాని చెయ్యి ఒక్కసారి అదిరింది. ఫిట్సో, కలో... తెలీలేదు. ఈయన చూశారు. మందు తగ్గించడం వద్దని చెప్పేస్తానని ఫోను తీశారు. నేను చేస్తానండి అన్నాను. అప్పటికే రింగవుతోంది, స్పీకర్లో.

డాక్టరమ్మ అంతా విన్నారు. మళ్ళీ వస్తే వీడియో తీసి పంపమన్నారు. తర్వాత మామూలుగానే —
"నాలుగు నెలలు మొదటి మందు సగమే వెళ్ళింది కదండీ. అందుకే రెండోది లేకుండా సరిపోతుందేమో చూడాలి. మీ ఆవిడ చెప్పారు కదా?"

ఈయన నన్ను చూశారు. ఆవిడకి మాత్రం "ఆఁ, చెప్పిందండి" అన్నారు.

ఫోను పెట్టేశాక అంతా చెప్పాను. అరవలేదు. మందు టైముకి నా చేతిలోంచి సిరంజి తీసుకుని, గీత కళ్ళ దగ్గర పెట్టి చూసుకుని, తనే వేశారు. నాని ఆయన దగ్గరా ఏడ్చాడు.

సిరంజి కడిగి పెడుతూ అడిగారు.
"పెద్ద డాక్టరు గారు పొద్దున్న ఎన్నింటికి కూర్చుంటారు?"
తొమ్మిదింటికి అన్నాను.

పెద్దాయనకి నిజం చెప్పడానికి నాతో వస్తారో, నన్నొక్కదాన్నే వెళ్ళమంటారో చెప్పలేదు. అడగడానికి నాకు ధైర్యం చాల్లేదు.