పెడల్ మీద ఎవరి చెయ్యి?

అన్నయ్యా,

పాలు కాచాను, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టు. నీళ్ల మోటారు ఆపడం మర్చిపోకు. డ్రమ్ముల గదిలో పెడల్ కోసం వెతక్కు, నాతోనే తీసుకెళ్తున్నాను. ఎందుకో నీకు తెలుసు.

వేగం కోసం నేను స్ప్రింగు బిగించి, డ్రమ్ముని కొట్టే బీటర్‌ని దానికి దగ్గరగా పెట్టుకున్నాను. నిన్న రిహార్సల్‌లో కాలు పెట్టగానే తేడా తెలిసింది. ఎవరో స్ప్రింగు కాస్త వదులు చేసి, బీటర్‌ని వెనక్కి లాగారు. అమ్మకి ఆ మర ఎటు తిప్పాలో కూడా తెలియదు. ఇక ఇంట్లో మిగిలింది నువ్వే. నీ మోకాలు దెబ్బతిని, బ్యాండులో నీ సీటు నాకిచ్చినప్పటి నుంచి నాకు ముఖం చాటేస్తున్నావు. పోటీలో నేను నవ్వులపాలు కావాలనే చేశావనుకున్నాను.

తీరా వాయిస్తే బీటర్ దూరం నుంచి ఊగొచ్చి తగిలింది, మొదటి దెబ్బకే గిటారతను ఉలిక్కిపడ్డాడు. "నీ కాలికి ఇంత బలం ఎక్కణ్నుంచి వచ్చిందమ్మా?" అన్నాడు. వేగమూ తగ్గలేదు. ఇంటికొచ్చి పెడల్ తిప్పి చూస్తే చైనుకి కొత్తగా నూనె వేసి ఉంది. చెడగొట్టేవాడు నూనె కూడా వేసి పోతాడా? చేసింది నువ్వేనన్న అనుమానం మాత్రం ఇంకా పెరిగింది.

అడిగితే ఎలాగూ ఒప్పుకోవు. మరలు ముట్టుకోలేదు, ఉన్నదున్నట్టే తీసుకెళ్తున్నాను.

చెల్లి

పోటీ ఆరింటికి. వస్తే వెనక వరసలో కూర్చో. నీ కాలు ఆడటం కనిపించిందంటే, నా తాళం వదిలేసి దాని వెంటే పోతాను.